417 నంబరు అతుకు

జనవరి 8, గురువారం

వేళ్ళకింకా చల్లనీళ్ళ తిమ్మిరి వదల్లేదు. అక్షరాలు వంకరగా వస్తే రానీ, చూసేదెవరు గనక. ఈ డైరీ చేపల సహకార సంఘం వాళ్ళు ఊరికే ఇచ్చారు. నాలాంటిదానికి డైరీ ఎందుకులే అని బియ్యం డబ్బా మీద పడేశాను. ఇవాళ దుమ్ము దులిపి తీశాను.

ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పొద్దున్న ఛూ పెద్దమ్మ చిలగడదుంపలు ఉడకబెట్టి పేపర్లో చుట్టుకొచ్చింది. దుంప తీసి పేపరు పారెయ్యబోతూ చూశాను. ఓడల కార్ఖానాలో వెల్డర్లు కావాలట. "స్థానికులకే ప్రాధాన్యం" అని పెద్ద పెద్ద అక్షరాల్లో వేశారు. నా చేతిలో ఆల్చిప్ప ఒలిచే కత్తి ఉన్న సంగతి మరిచిపోయి పేపరు పట్టుకున్నాను. మధ్యకి చిరిగింది.

"ఏమిటే అంతలా చూస్తున్నావు? దుంప చల్లారిపోతోంది" అంది పెద్దమ్మ.

"వెల్డర్లు కావాలట పెద్దమ్మా. ఇక్కడి వాళ్ళే కావాలట."

"పదేళ్ళ కిందట బయటికి గెంటినప్పుడు మీరంతా ఇక్కడి వాళ్ళని తెలీలేదటా వాళ్ళకి?"

తెలుసు. అయినా గెంటారు. ఓడలకి ఆర్డర్లు రాక ఒక్క చలికాలంలో మా కాంట్రాక్టు కంపెనీల్లోంచే ఆరువందల మందిని పంపేశారు. తర్వాత ఆర్డర్లొచ్చాయి గానీ పాత జీతాలు రాలేదు. కుర్రాళ్ళంతా బ్యాటరీ ఫ్యాక్టరీలకని దీవి దాటిపోయారు. వీసాల మీద వియత్నాం వాళ్ళు, థాయ్‌లాండ్ వాళ్ళు వచ్చారు. నేను రెండుసార్లు గేటు దాకా వెళ్ళి అడిగాను. "ఆ ఖాళీలు విదేశీ వీసాలకండీ, మీ వయసుకి మాత్రం ఎందుకండీ" అన్నారు. అప్పుడు నా వయసు యాభై. యాభై ఒక వయసా.

ఈ కొత్త సంవత్సరం నుంచి వీసా రూలు మారిందని టీవీలో చెప్పారు. కాంట్రాక్టరు ఒక్క విదేశీ వెల్డర్ని తెచ్చుకోవాలంటే, ముగ్గురు స్థానికులు తన దగ్గర పని చేస్తున్నట్టు చూపించాలి. ఆ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ మా ఇంటికొస్తే ఆల్చిప్పల పులుసు పెట్టి పంపుతాను.

వెల్డరుగా నా పాత నంబరు 417. రాసి చూసుకోవాలనిపించింది. 417. 417.

జనవరి 9

దరఖాస్తు పెట్టేశాను. మా ఆయనకి చెప్పలేదు.

జనవరి 14, బుధవారం

చెప్పాల్సి వచ్చింది. అటక మీంచి వెల్డింగ్ మాస్కు దింపుతుంటే స్టూలు కదిలి కింద పడబోయాను, ఆయనే పట్టుకున్నాడు. ఆయన టౌను బస్సు నడుపుతాడు. రోజంతా జనం మాటలు వినీ వినీ ఇంట్లో మాట్లాడడం తక్కువ. కానీ మాట్లాడితే మాత్రం పుండు మీద కారం చల్లినట్టే మాట్లాడతాడు.

"ఆ బొక్కెన ఇంకా నీ తలకి పడుతుందా?"

"నా తల పెరగలేదు. నీ పొట్టే పెరిగింది."

"యాభై అయిదేళ్ళ ఆడదాన్ని ఏం చూసి పెట్టుకుంటారే?"

"నేను వేసే అతుకు చూసి" అన్నాను. ఆయన మూతి తిప్పాడు. కానీ మాస్కు అద్దం తనే తుడిచిపెట్టాడు.

జనవరి 19, సోమవారం

పిలిచారు. నన్ను పిలిచారు.

ప్యో మేనేజరు ఎంత మర్యాదస్తుడో. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, లేచి నిలబడి బార్లీ టీ ఇచ్చాడు. నా కాగితాలు చూడగానే ముఖం వెలిగిపోయింది. "ఓక్ గారూ, మీలాంటి వాళ్ళ కోసమే వెతుకుతున్నాం. పుట్టింది ఇక్కడే కదా? ఓక్ ఇంటిపేరంటే అడగక్కర్లేదనుకోండి" అన్నాడు. పరీక్షకి ఇనప పలక అతికి చూపిస్తానన్నాను. "అబ్బే, మీకు పరీక్షేమిటండీ" అన్నాడు. పరీక్ష లేకుండా తీసుకున్నాడంటే పాత రికార్డు చూసే ఉంటాడు. చూడకుండా ఎవరు తీసుకుంటారు.

వచ్చేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. "మీకు తెలిసినవాళ్ళు ఇంకో ఇద్దరుంటే పేర్లివ్వండి. ఇక్కడి వాళ్ళయితే చాలు. ఇప్పుడే రానక్కర్లేదు, అవసరమైనప్పుడు మేమే పిలుస్తాం. బీమా మాత్రం వెంటనే మొదలవుతుంది."

పరుగున షెడ్డుకి వెళ్ళాను. ఛూ పెద్దమ్మ గుర్తింపు కార్డు, మాతోపాటు ఆల్చిప్పలు ఒలిచే నామ్ వదిన కార్డు ఫొటో తీసి పంపేశాను. నామ్ వదిన భర్త పోయాక బీమా లేక మోకాళ్ళకి మందు కూడా సరిగా వేసుకోవడం లేదు, బీమా అనగానే ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. డెబ్భై ఒక్కేళ్ళ పెద్దమ్మ మాత్రం, "నేనక్కడ ఏం చెయ్యాలే?" అంది.

"ఊడ్చే పని ఉంటుంది పెద్దమ్మా."

"ఊడ్చేదానికి బీమా ఇస్తున్నాడా? మంచివాడే."

మంచివాడే మరి.

ఫిబ్రవరి 2, సోమవారం

మొదటి రోజు. గేటు దగ్గర ఆ ఇనుము కాలిన వాసన తగలగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. చలిగాలికి అని పక్కవాడికి చెప్పాను. కొత్త చొక్కా, కొత్త హెల్మెట్. బూట్లు రెండు సైజులు పెద్దవి. మగవాళ్ళవే ఉన్నాయట. మందపాటి మేజోళ్ళు రెండు జతలు వేసుకుంటే సరి.

పని సామాను గదిలో ఇచ్చారు. వచ్చినవాళ్ళకి చేతితొడుగులు, రాపిడి చక్రాలు అందించాలి. మొదటి రోజే వెల్డింగ్ టార్చి ఎవరిస్తారు.

ఫిబ్రవరి 6

అయిదు రోజులైంది. చేతితొడుగులు ఇస్తున్నాను. ప్యో మేనేజరు, "మీ మాస్కు పాత రకం, కొత్తది తెప్పిస్తున్నాం" అన్నాడు. భద్రత విషయంలో ఇప్పుడు చాలా గట్టిగా ఉన్నారు, మంచిదే.

కిటికీ వద్దకి రోజూ తోవాన్ అనే అతను వస్తాడు. వియత్నాం, హాయ్‌ఫాంగ్ అట, ముప్ఫై నాలుగేళ్ళు. గత వారమే దిగాడు. మన భాష తడుముకుంటూ మాట్లాడతాడు, నన్ను పిన్నీ అంటాడు. ఎడమ చెయ్యి చాపి తొడుగు అడుగుతాడు. "రెండూ వేసుకోవాలయ్యా" అంటే నవ్వుతాడు. ఆరేళ్ళ కూతురి ఫొటో చూపించాడు. ముందు పళ్ళు రెండూ లేవు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పండక్కి కంపెనీ బహుమతి. నూనె సీసాలు, మాంసం డబ్బాలు పేర్చిన పెట్టె. పదేళ్ళ తర్వాత కంపెనీ పెట్టె మా ఇంట్లోకి వచ్చింది. బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాను. పెద్దమ్మకీ నామ్ వదినకీ కూడా ఇంటికి పంపారు. పెద్దమ్మ ఫోన్ చేసి, "ఒక్క రోజు వెళ్ళకుండానే ఇంత ఇస్తే, వెళ్తే ఇల్లు రాసిస్తారేమోనే" అంది.

మా ఆయన పెట్టె వైపు చాలాసేపు చూశాడు. "టార్చి ఇవ్వనివాడు ఉద్యోగం ఎందుకిచ్చాడే?"

"మాస్కు రావాలి."

"మాస్కు అమెరికా నుంచి ఈదుకుంటూ వస్తోందా?"

రాత్రికి ఆయనకి ముల్లంగి కిమ్చీ పచ్చడి పెట్టలేదు. ఉత్త అన్నమే తిన్నాడు.

ఫిబ్రవరి 24, మంగళవారం

417 చూశాను.

చేతితొడుగుల మూట ఇవ్వడానికి కార్ఖానాలో మూడో షెడ్డుకి వెళ్ళాను. అక్కడ ఓడ అడుగుభాగం దిమ్మె ఒకటి తలకిందులుగా పెట్టి ఉంది. అతుకు పక్కన, ఇనుము మీద, బలపంతో 417. ఎవరు వేసిన అతుకు పక్కన వాళ్ళు తమ నంబరు రాయాలి, అది ఇక్కడి రివాజు. రేపు ఎక్స్‌రేలో తప్పు తేలితే ఆ నంబరునే పిలుస్తారు. ఆ మూడంకెలూ చూసి మూట వదిలేశాను. ఎవరు రాశారో గానీ, నా నంబరు ఇంకా కొట్టెయ్యలేదు. నాకోసమే ఉంచారు. లేకపోతే ఎందుకుంటుంది.

వేడి నీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుని ఇంట్లో పాట కూడా పాడాను.

ఫిబ్రవరి 25

మళ్ళీ వెళ్ళి చూశాను. ఎంత బాగుంది ఆ అతుకు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

బాగుంది, కానీ అది ఎడమచేతి వాటం.

నిన్ననే కనిపించింది. కాదు, మొదటిరోజే కనిపించింది. చేతిరాత లాగే అతుకు కూడా ఎవరిది వాళ్ళకి తెలుస్తుంది. గట్టిపడిన ఇనుము మీద నా అలలు కుడికి వాలతాయి. అవి ఎడమకి వాలి ఉన్నాయి. చివర చిన్న కొక్కెం.

తోవాన్ భోజనానికి కూర్చుంటే పక్కన కూర్చున్నాను.

"ఆ అడుగు దిమ్మె ఎవరు వేశారు?"

"నేను పిన్నీ."

"మరి 417 అని రాశావేం?"

అన్నం మింగి, మెల్లిగా చెప్పాడు. "మేనేజర్ చెప్పాడు, నీ నంబర్ రాయకు, 417 రాయి. ఇంకో చోట 418, ఇంకో చోట 419. నాకు నంబర్ లేదు పిన్నీ."

418 ఛూ పెద్దమ్మ. 419 నామ్ వదిన. ఆఫీసులో పేర్ల పట్టీ చూశాను. కాగితం మీద ముగ్గురం వెల్డర్లం. ముగ్గురు స్థానికులకి ఒక విదేశీ వెల్డరు. మేం ముగ్గురం కలిస్తే ఒక తోవాన్. ఆ ముగ్గురిలో ఇద్దర్ని నేనే నా చేత్తో తెచ్చిచ్చాను, కార్డు ఫొటోలు తీసి మరీ.

కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక ఇంటికొచ్చి మాస్కుని మళ్ళీ అటక ఎక్కించాను.

మార్చి 4

అయినా ఉద్యోగం ఉద్యోగమే. చేతులు చల్లనీళ్ళలో పెట్టక్కర్లేదు. బీమా ఉంది. మాస్కు రావచ్చు కూడా.

మార్చి 9, సోమవారం

రేపు కార్మిక శాఖ నుంచి తనిఖీకి వస్తున్నారు. స్థానికులు నిజంగా పని చేస్తున్నారా లేదా చూస్తారట. ప్యో మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. పెద్దమ్మనీ నామ్ వదిననీ కూడా రేపొక్క రోజు రప్పించమన్నాడు.

"అడిగితే ఒక్క మాట చెప్పండి చాలు ఓక్ గారూ. నాదే, అనండి. అంతే. మీ ఉద్యోగం ఉంటుంది, తోవాన్ వీసా ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు."

నిజమే, ఎవరికి నష్టం. తోవాన్ కూతురికి ముందు పళ్ళు వస్తున్నాయట. అద్దం ముందు నిలబడి అన్నాను. నాదే. మరీ గట్టిగా వచ్చింది. నాదే. ఇప్పుడు బాగుంది. పదిసార్లు అనుకున్నాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

మార్చి 10, మంగళవారం

మొత్తం రాయాలి.

తొమ్మిదింటికి వచ్చారు. కార్మిక శాఖ అధికారి ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, ఆమెతో అతుకులు పరీక్షించే ముసలాయన ఒకడు. మమ్మల్ని కొత్త చొక్కాలేసి వరసలో నిలబెట్టారు. పెద్దమ్మ చొక్కా మోకాళ్ళు దాటింది. తోవాన్ వెనక వరసలో ఉన్నాడు.

అధికారి ముందు పెద్దమ్మనే అడిగింది. "మీరేం పని చేస్తారమ్మా?"

"వెల్డింగు."

"ఎన్నేళ్ళ అనుభవం?"

"రెండు నెలలు" అంది పెద్దమ్మ, గర్వంగా. ఎంత చెప్పానో ముప్ఫై ఏళ్ళనమని. అధికారి ఆమె ఎడమ అరచెయ్యి పట్టుకుని చూసింది. దాన్నిండా ఆల్చిప్ప గీతలే. కాగితంలో ఏదో రాసుకుంది.

తర్వాత దిమ్మె దగ్గరికి వచ్చారు. "417 ఎవరు?"

చెయ్యి ఎత్తాను.

"ఇది మీరు వేసిందేనా?"

నోరు తెరిచాను. పదిసార్లు సాధన చేసిన మాట నాలుక మీదే ఉంది. ఈలోపు ఆ ముసలాయన వంగి, వేలితో అతుకు మీద రాసి చూసి, "అబ్బ, ఏం చెయ్యమ్మా మీది. ఇంత శుభ్రమైన అతుకు ఈ ఏడాది చూళ్ళేదు" అన్నాడు.

అంతే. ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళు ఈ చేతులతో వేసిన ఏ ఒక్క అతుకునీ ఇంతగా మెచ్చుకున్నవాడు లేడు. ఇప్పుడు మెచ్చుకుంటున్నాడు, నా నంబరు చూస్తూ, నాది కానిదాన్ని. తిట్టి ఉంటే ఒప్పుకునేదాన్నేమో. నిజంగా ఒప్పుకునేదాన్ని.

"నాది కాదు" అన్నాను. "అది ఎడమచేతి వాటం. నాది కుడి. కావాలంటే టార్చి ఇవ్వండి, చూపిస్తాను."

ప్యో మేనేజరు దగ్గాడు. ఆపకుండా దగ్గాడు. అధికారి టార్చి ఇప్పించింది. ఎవరిదో మాస్కు పెట్టుకున్నాను. చీకటి, తర్వాత ఆ నీలి చుక్క. పదేళ్ళకి చేతులు మరిచిపోయి ఉంటాయనుకున్నాను, మరిచిపోలేదు. ఒక అడుగు పొడవు వేశాను. చివర కొంచెం తడబడింది. మాస్కు తీసేసరికి నా అలలు కుడికి వాలి ఉన్నాయి, పక్కనే తోవాన్‌వి ఎడమకి. అధికారి రెంటినీ ఫొటో తీసుకుంది.

తోవాన్ ముఖం నేను చూడలేదు. చూశాను. చూడలేదని రాసుకుంటే బాగుండుననిపించింది.

మార్చి 11

గేటు దగ్గరే హెల్మెట్ తీసేసుకున్నారు. "నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు ప్యో మేనేజరు. నువ్వు అన్నాడు. గారు పోయింది.

తోవాన్ బస్టాపు దాకా వచ్చాడు. "పిన్నీ, నువ్వు నిజం చెప్పావు. మంచిది. కానీ నీ నిజం నాకు ఇంటికి టికెట్టు." కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. బస్సు మా ఆయనదే వచ్చింది. ఎక్కి వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. ఆయన ఆఖరి స్టాపు దాకా అద్దంలో చూస్తూనే నడిపాడు.

మార్చి 12

మళ్ళీ ఆల్చిప్పల షెడ్డు. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

మార్చి 18, బుధవారం

ఇవాళ్టి సంగతి రాయడానికి చెయ్యి ఆగడం లేదు.

పదిగంటలకి షెడ్డు ముందు కారు ఆగింది. ప్యో మేనేజరు, చేతిలో బేరిపళ్ళ పెట్టె. మెరుస్తున్న బూట్లతో ఆల్చిప్పల తొక్కల మీద నడవలేక నడవలేక వచ్చాడు. కార్మిక శాఖ నుంచి ఉత్తరం వచ్చిందట. జరిమానా సంగతి వేరే. నెల రోజుల్లో ముగ్గురు స్థానికులు నిజంగా పనిలో కనిపించాలి. లేకపోతే తోవాన్ వీసా రద్దు, ఇంకే విదేశీ వెల్డరూ ఈ కంపెనీకి రాడు.

"ఓక్ గారూ" అన్నాడు. గారు మళ్ళీ వచ్చింది.

"ఈ గంప అయ్యాక మాట్లాడదాం" అన్నాను. గంప నిండా ఉంది. ఆయన ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. జీవితంలో ఇంత నెమ్మదిగా ఆల్చిప్పలు ఎప్పుడూ ఒలవలేదు.

పెద్దమ్మ ఊరుకుంటుందా. "ఏం నాయనా, వెల్డరునని రాసినప్పుడు నన్నడిగావా? ఇప్పుడు బేరిపళ్ళు పట్టుకొచ్చావు. పళ్ళు లేనిదాన్ని, ఎలా కొరకను?"

"తప్పయిపోయిందమ్మా. మీరు ఊరికే వచ్చి కూర్చుంటే..."

"కూర్చోను. కూర్చుంటే నడుం పట్టేస్తుంది. పనుంటే చెప్పు."

పనుంది. నాకు తెలుసు. వెల్డర్ దగ్గర నీళ్ళ బకెట్టు పట్టుకుని నిప్పురవ్వలు ఎక్కడ పడుతున్నాయో చూసే మనిషి ఉండాలి. కళ్ళు చురుగ్గా ఉంటే చాలు, పెద్దమ్మ కళ్ళు ఇసుకలో ముత్యాన్ని పట్టేస్తాయి. నామ్ వదిన రంగులు కలుపుతానంది. ఆమె పెళ్ళికి ముందు పడవలకి రంగులు వేసేదట, ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు.

"మరి మీరు?" అన్నాడు.

"నాకు పరీక్ష పెట్టండి. అందరికీ పెట్టినట్టే పెట్టండి. పోతే పోయాను. నెగ్గితే సామాను గదిలో కూర్చోను. బలపం నా జేబులో ఉంటుంది, నా నంబరు నేనే రాస్తాను. తోవాన్‌కి వేరే నంబరు ఇవ్వండి, అతని అతుకు పక్కన అతనే రాయాలి."

ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు. బేరిపళ్ళు బాగున్నాయి, పెద్దమ్మకి సన్నగా తరిగి పెట్టాను.

మార్చి 26

నెగ్గాను. నిలువు అతుకు, తల పైకెత్తి వేసే అతుకు, రెండూ. మా ఆయన మాస్కు అటక మీంచి తనే దింపి గుమ్మంలో పెట్టాడు. రెండుసార్లు కిమ్చీ వడ్డించాను.

ఏప్రిల్ 1, బుధవారం

పనిలో చేరాం, ముగ్గురం. నిజంగా. పెద్దమ్మ బకెట్టు పట్టుకుని నా వెనకే నిలబడి, రవ్వ పడితే చాలు, "ఒసేయ్, కాలు తియ్" అని అరుస్తోంది. సగం నీళ్ళు నా బూట్ల మీదే. బూట్లు ఇంకా పెద్దవే.

తోవాన్‌కి 503 ఇచ్చారు. మధ్యాహ్నం అతుకు ముగించి, బలపం తీసి, ఆ మూడంకెలూ చాలా పెద్దవిగా రాశాడు. చిన్నపిల్లలు పలక మీద రాసినట్టు. తర్వాత ఫొటో తీసి కూతురికి పంపాడు. "పిన్నీ, ఇంటికి టికెట్టు కొంచెం వెనక్కి" అన్నాడు, నవ్వుతూ. నాతో మాట్లాడాడు. ఎంత తేలికయిందో.

నేను కూడా రాశాను. 417. బలపం విరిగింది, అంత గట్టిగా నొక్కాను.

ఏప్రిల్ 9, గురువారం

ఇవాళ ఎక్స్‌రే ఫలితాలొచ్చాయి. భోజనాల వేళ, అందరూ పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. మార్చిలో నన్ను మెచ్చుకున్న ఆ ముసలాయనే ఈసారి కాగితం పట్టుకుని లోపలికొచ్చాడు.

"417 ఎవరు? లేవండి. ఇంత గాలిబుడగ వదిలేస్తారా అతుకులో? కళ్ళు పెట్టుకుని చేశారా, మూసుకుని చేశారా? అడుగు పొడవు కోసి మళ్ళీ వెయ్యాలి, ఇవాళే."

హాలంతా నన్నే చూసింది. ప్యో మేనేజరు నా వైపు చూసి పళ్ళెంలోకి చూశాడు. తోవాన్ తల వంచుకున్నాడు. పెద్దమ్మ కోపంగా లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాను.

నేను లేచాను. చెయ్యి ఎంత ఎత్తగలనో అంత ఎత్తాను.

"నవ్వుతారేంటమ్మా? తప్పు మీదేనా?"

"నాదే" అన్నాను. ఈసారి అద్దం ముందు సాధన చెయ్యలేదు.